ఆట నచ్చింది, ఆ తర్వాతే ఇల్లు ఇరుకనిపిస్తోంది

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 26. డిగ్రీ పూర్తయిన ఏడాదే డాబా మీద నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు, కాళ్లు కదలవు. వీల్‌చైర్‌లో కూర్చుని నాన్నగారి కిరాణా కొట్టు లెక్కలు చూస్తారు, ఫోన్ రీచార్జీలు చేస్తారు. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియాలో.

ఈ మధ్య బరంపురంలో కొందరు స్వచ్ఛందంగా వికలాంగులకు ఒకరోజు ఆటల శిబిరం పెట్టారు. అన్నయ్య స్నేహితుడి కారు అడిగి తీసుకెళ్లాడు. పొద్దున బంతులు విసిరే బోచ్చా అనే ఆట, తర్వాత టేబుల్ టెన్నిస్, భోజనాలయ్యాక షాట్‌పుట్, ఆఖర్న వీల్‌చైర్ బాస్కెట్‌బాల్. ఆటలో ఇంకో అమ్మాయి కుర్చీ వచ్చి గుద్దితే ఈమె కుర్చీతో సహా పక్కకు పడిపోయారు. ఇద్దరు వచ్చి లేపారు, బంతి చేతిలో పెట్టారు, ఆట సాగింది. "ఎవరూ అయ్యో అనలేదండీ. దెబ్బ తగిలాక నన్ను చూసి అయ్యో అనని మనుషుల మధ్య ఉండటం అదే మొదటిసారి" అని రాశారు. తిరిగి కారెక్కేటప్పుడు అందరి ముందూ ఏడ్చేశారట. మెడ దగ్గర దెబ్బతిని, బంతి కూడా సరిగ్గా పట్టుకోలేని ఒక అమ్మాయి రోజంతా నవ్వుతూ ఆడిందనీ, తను మాత్రం ఏడ్చినందుకు సిగ్గుగా ఉందనీ రాశారు.

ఆ రాత్రి అమ్మ చూస్తే పిరుదు ఎముక దగ్గర ఎర్రటి మచ్చ. గతంలో సరిగ్గా అక్కడే పుండు పడితే నెలల తరబడి డ్రెస్సింగ్ చేసిన తల్లి ఆవిడ. మచ్చ తర్వాత పోయింది కానీ "ఇక ఆటలూ వద్దు, పాటలూ వద్దు" అన్న మాట మారలేదు. అన్నయ్యది ఇంకో దారి. షాట్‌పుట్ వేయించినాయన "మీ చెల్లెలి భుజాల్లో బలముంది, పతకం ఖాయం" అన్నారట. ఇక ఇంట్లో రోజూ పతకం, దాని వెనకాల ప్రభుత్వ ఉద్యోగం. ఈమెకు నచ్చింది బాస్కెట్‌బాల్. అది ఆడటానికి ఊళ్లో ఇంకొకరు లేరు. ఉత్తరం చివర ఇలా రాశారు: "ఆ రోజుకు ముందు నా బతుక్కి నేను అలవాటు పడిపోయాను. ఇప్పుడు కొట్టులో కూర్చుంటే ఊపిరాడటం లేదు. వెళ్లకుండా ఉండాల్సిందా?"

అమ్మా, మీ ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. మిగతా చిక్కులన్నీ దాని చుట్టూనే ఉన్నాయి.

వెళ్లి మంచి పని చేశారు. ఇన్నాళ్లూ మీ చుట్టూ ఉన్నవాళ్లు మిమ్మల్ని ప్రేమగానే చూసుకున్నారు, కానీ జాగ్రత్తగా పట్టుకుని చూసుకున్నారు. కొట్టుకొచ్చే మనుషులు చిల్లర తీసుకుంటూ ఒక నిట్టూర్పు వదిలి వెళ్తారు. రోజూ అదే జరుగుతుంటే అది మామూలైపోతుంది. బరంపురంలో ఒక అమ్మాయి మిమ్మల్ని ఎదుటి జట్టు ఆటగత్తెగా చూసి, దయ చూపించకుండా గుద్దింది. అలా చూస్తే ఎలా ఉంటుందో ఒకసారి తెలిశాక పాత రోజులు పాతగా ఉండవు. కొట్టు ఇరుకనిపిస్తోందంటే మీరు కృతజ్ఞత లేని మనిషైపోయారని అనుకోకండి. మీకు ఇంకొంచెం కావాలి, అంతే. 26 ఏళ్ల మనిషికి ఆ మాత్రం కావాలనిపించడంలో తప్పేముంది?

ఏడ్చినందుకు సిగ్గుపడకండి. నవ్వుతూ ఆడిన ఆ అమ్మాయికి దెబ్బ తగిలి ఎన్నేళ్లయిందో, ఇలాంటి శిబిరాలకు ఎన్నిసార్లు వచ్చిందో, మొదటిసారి వచ్చినప్పుడు ఎలా ఇంటికెళ్లిందో మీకు తెలియదు. కానీ ఒక మాట. ఈ ఊపిరాడని బాధ వారాలు గడిచినా తగ్గకపోతే, నిద్ర, తిండి చెడితే, బతకడం దేనికి అనిపిస్తే లోపల పెట్టుకోవద్దు. 14416 టెలీమానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడటానికి. ప్రభుత్వానిది, ఉచితం. తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్న గొడవ చూద్దాం. ముగ్గురూ ఆట గురించే మాట్లాడుతున్నట్టుంది. నాకు మాత్రం మూడు వేర్వేరు ప్రశ్నలు కనిపిస్తున్నాయి. అమ్మ అడుగుతున్నది మీ ఒంటి గురించి, అన్నయ్య అడుగుతున్నది మీ భవిష్యత్తు గురించి, మీరు అడుగుతున్నది మనుషుల గురించి. ఒకరి ప్రశ్నకు ఇంకొకరి జవాబు సరిపోదు. "పతకం వస్తుంది" అంటే అమ్మ భయం తగ్గదు. "పుండు పడుతుంది" అంటే అన్నయ్య ఆశ ఆగదు.

అమ్మ ప్రశ్నకే ముందు జవాబు చెప్పుకోవాలి. ఎందుకంటే ఆవిడ భయం నిజమైంది. స్పర్శ లేని చోట పుండు లోపల ఎంత పెరుగుతుందో పైకి తెలియదు. ఆవిడ అది కళ్లారా చూశారు. మీరు "ఏం కాలేదులే" అన్నకొద్దీ ఆవిడ ఇంకా గట్టిగా వద్దంటారు. ఆ మచ్చ ఎందుకొచ్చిందో ఇద్దరూ కూర్చుని లెక్క తేల్చండి. ఉత్తరంలో మీరు రాసినదాన్ని బట్టి నాకు కారణాలు కనిపిస్తున్నాయి. ఆట కుర్చీలో మీ కుషన్ లేదు, పల్చటి ఫోమ్ ఉంది. జారకుండా నడుమూ తొడలూ బెల్టుతో బిగించారు.  ఉత్సాహంలో మధ్యాహ్నమంతా ఒక్కసారీ ఒళ్లు ఎత్తలేదు. ఆ తర్వాత పర్లాకిమిడి దాకా కారు సీటు. ఇందులో ఏ ఒక్కదానికీ ఆట మానేయాల్సిన పని లేదు.

వచ్చేసారి మీ కుషన్ ఆ కుర్చీలో పడుతుందేమో ముందే అడగండి. పడకపోతే ఆట కుర్చీలో ఉండే సమయం తగ్గించుకుని, విరామంలో మీ కుర్చీలోకి మారండి. పావుగంటకో అరగంటకో ఒకసారి ముందుకో పక్కకో బాగా వంగి, ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండండి. చేతులతో ఒక్క క్షణం పైకి లేస్తే సరిపోదు, రక్తం మళ్లీ ఆడటానికి ఆ మాత్రం సమయం కావాలి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఆటలో పడితే గుర్తుండదు. జేబులో తాళాలు, ఫోను, లావు కుట్లున్న ప్యాంటు వద్దు. రాత్రి తప్పకుండా చూసుకోవాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. నొక్కినప్పుడు రంగు పోయి మళ్లీ వస్తే రక్తం ఆడుతున్నట్టు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండుకు అదే మొదలు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు కాబట్టి పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో ఉందేమో కూడా చెయ్యి పెట్టి చూడాలి. నూనె రాసి రుద్దకూడదు. అది పోయేదాకా ఆ చోట బరువు పెట్టకూడదు, కొట్టులో కూర్చోవడం కూడా ఆపాలి. తోలు లేచినా, నీరు కారినా డాక్టర్ దగ్గరికే.

ఇంకోటి ఉంది. అమ్మకు చెప్పలేదని రాశారు. శిబిరంలో టాయిలెట్ ఎలా ఉంటుందోనని పొద్దుటి నుంచీ నీళ్లు తాగలేదు. ఆ మచ్చ కన్నా నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. మన ఆడవాళ్లు పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ ఇలా నోరు కట్టుకోవడం చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటారు. మీ విషయంలో అది ప్రమాదం. క్యాథెటర్, అంటే మూత్రం తీసే గొట్టం, వాడేవాళ్లు నీళ్లు తగ్గిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. దెబ్బ తగిలిన చోటుకు కింద చెమట సరిగ్గా పట్టదు కాబట్టి ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. బరంపురం ఉక్కపోతలో, నీళ్లు లేకుండా, ఆటలాడటం! ఇంకెప్పుడూ అలా చేయకండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి క్యాథెటర్ వేసుకోవాలంటే అక్కడ ఒక చోటు కావాలి. అది అడిగి తీసుకోవడం మీ హక్కు. టేపుతో మీ కుర్చీ వెడల్పు కొలిచి పెట్టుకోండి. టాయిలెట్ తలుపు అంతకన్నా ఇరుకైతే, గడియ ఉన్న ఒక గదీ, ఒక బల్లా చాలు. ఇది పెద్ద కోరిక కాదు, పైగా అక్కడికొచ్చే ఇంకొందరు అమ్మాయిలు నోరు తెరిచి అడగలేని కోరిక.

మీ అమ్మగారికి ఒక సంగతి చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెన్నెముక దెబ్బతిన్నవాళ్లలో చాలామంది ఈ పుండ్ల వల్లా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ల వల్లా చనిపోయేవారు. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పించేవాడు. పుండు పడకుండా అంత పట్టుగా కాపలా కాసిన ఆ మనిషే వాళ్ల చేత ఆటలాడించాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఆస్పత్రి ఆవరణలో 16 మందికి విలువిద్య పోటీ పెట్టాడు. అందులో ఇద్దరు ఆడవాళ్లు. ఈనాటి పారాలింపిక్స్ అక్కడి నుంచి పెరిగినవే. మీ అమ్మగారు చేస్తున్న కాపలా, మీరు ఆడాలనుకుంటున్న ఆట ఒకే వార్డులోంచి వచ్చాయి.

అన్నయ్య దగ్గరికొద్దాం. కారు అడిగి, రోజంతా అక్కడ నిలబడి, మిమ్మల్ని ఎత్తి దింపిన మనిషి. ఆయన ఆశను తోసిపారేయకండి. ఆయన రోజూ గుర్తుచేసే ప్రమోద్ భగత్ సంగతి నిజమే. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిస్తే ఒడిశా ప్రభుత్వం 6 కోట్ల రూపాయలు, గ్రూప్-ఏ స్థాయి ఉద్యోగం ప్రకటించింది. కానీ అన్నయ్య ఆ కథను చివరి పేజీ నుంచి చదువుతున్నారు. టోక్యోకు చాలా ముందే ఆయన ప్రపంచ చాంపియన్. అంతకుముందు ఎన్నో ఏళ్ల ఆట. పతకం, ఉద్యోగం వస్తాయని ఎవరూ మాట ఇవ్వని ఏళ్లవి. ఆట మీద ఇష్టం లేకపోతే ఆ ఏళ్లు గడవవు.

"పతకం ఖాయం" అన్నాయన మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు, కానీ ఒక మధ్యాహ్నం చూసి అది ఎవరూ చెప్పలేరు. మీలాంటివాళ్లు కూర్చుని విసిరే పోటీల్లో ఎవరి శరీరం ఎంతవరకు పనిచేస్తుందో చూసి, ఎఫ్ 51 నుంచి 57 వరకు తరగతులుగా విడదీస్తారు. డాక్టర్ కాగితాలు చూసి, కండరాల బలం పరీక్షించి, విసురుతుంటే గమనించి తేల్చే పని అది. మీరు ఏ తరగతిలోకి వస్తారో తెలియకుండా మీ విసురు ఎక్కువో తక్కువో అనడానికి లేదు. ఇంకా ముఖ్యమైంది ఉద్యోగం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. దానికి పతకం అక్కర్లేదు, డిగ్రీ, పరీక్ష కావాలి. డిగ్రీ మీ దగ్గర ఉంది. అన్నయ్యకు నిజంగా మీ ఉద్యోగమే కావాలంటే, యూడీఐడీ కార్డు (వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) సరిగ్గా ఉందో లేదో చూసి, పరీక్షల పుస్తకాలు తెచ్చిపెట్టమనండి. ఆట మీద ఉద్యోగం బరువు పెడితే, ఓడిన ప్రతిసారీ మీరు ఇంటికి అపరాధిగా తిరిగొస్తారు.

ఇక మీ ప్రశ్న. మీకు నచ్చింది బాస్కెట్‌బాలా, అక్కడి మనుషులా? కాస్త నిదానంగా ఆలోచించండి. అదే మనుషులు క్యారమ్స్ ఆడటానికి రమ్మంటే వెళ్తారా? బంతి, కుర్చీ, కోర్టు అన్నీ ఉండి, చుట్టూ జాలిపడేవాళ్లే ఉంటే వెళ్తారా? రెండింటికీ మీ జవాబు ఏమిటో నాకు తెలియదు. ఆ జవాబును బట్టి దారి మారుతుంది.

ఆటే నచ్చిందనుకోండి, బాస్కెట్‌బాల్ ఖరీదైన ఇష్టం. జట్టుకు ఐదుగురు కావాలి. చక్రాలు కింద బయటికి వాలి, వెనక పడిపోకుండా చిన్న చక్రం ఉన్న ప్రత్యేకమైన కుర్చీలు కావాలి. ప్రభుత్వ పథకంలో మామూలుగా చేతికొచ్చేది రోజువారీ కుర్చీ. దాంతో గుద్దుకునే ఆట ఆడితే అది పాడై, మర్నాడు మీరు మంచం మీదే ఉండాల్సి వస్తుంది. కాబట్టి కుర్చీలున్న చోటికి మీరే వెళ్లాలి. బరంపురం వాళ్లు మళ్లీ పెట్టినప్పుడల్లా వెళ్లడం ఒక పద్ధతి. అరుదుగా వచ్చే ఆనందం, మధ్యలో ఎదురుచూపులు. ఆ ఎదురుచూపు మిమ్మల్ని నిలబెడుతుందో, ఇంకా ఉక్కిరిబిక్కిరి చేస్తుందో మీకే తెలుస్తుంది. ప్రతిసారీ కారు అడగలేరు కాబట్టి రైల్వే రాయితీ కార్డు తీసుకోండి. తోడు లేకుండా ప్రయాణించలేనివాళ్లకు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గింపు ఉంది, తోడు వచ్చేవాళ్లకూ అంతే. వికలాంగుల పెట్టె ఏ చివర ఆగుతుందో స్టేషన్లో ముందే అడిగి పెట్టుకోండి. ఆ ఆటలో మీకు నిజంగా చోటుందని కూడా తెలుసుకోండి. శరీరం పనిచేసే తీరును బట్టి ఒక్కొక్కరికి 1 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు, కోర్టులో ఉన్న ఐదుగురివీ కలిపి 14 దాటకూడదు. బలమున్నవాళ్లతోనే జట్టు నింపేయడానికి వీల్లేదు, మీలాంటివాళ్లు తప్పకుండా ఉండాలి. రింగు మాత్రం అందరికీ అదే ఎత్తు, పది అడుగులు. దేశంలో ఈ ఆట సమాఖ్యను నిలబెట్టిన మాధవీలత ఖమ్మం జిల్లా సత్తుపల్లి ఆడపడుచే. పోలియో వల్ల కాళ్లు చచ్చుబడి, పెద్దయ్యాక ఆరోగ్యం కోసం నీళ్లలోకి దిగి, ఈత పోటీల దాకా వెళ్లి, ఆ తర్వాత ఈ పని ఎత్తుకున్నారు.

రోజూ ఆడాలి అనుకుంటే టేబుల్ టెన్నిస్ గురించి ఆలోచించమంటాను. ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు, "సరదాగానే ఉంది" అని. దానికి ఇంకో వికలాంగుడు అక్కర్లేదు, నిలబడి ఆడేవాళ్లతోనూ ఆడొచ్చు. నియమాలు దాదాపు అవే. ఎదుటివాళ్లు సర్వీస్ చేసిన బంతి మీ వైపు పక్క అంచు మీదుగా పోతే పాయింట్ పోదు, మళ్లీ వేస్తారు. కుర్చీ లోపలికి వెళ్లేలా బల్ల కాళ్లు అంచు నుంచి కనీసం 40 సెంటీమీటర్లు లోపలికి ఉండాలి. మీ ఊళ్లో కాలేజీలోనో క్లబ్బులోనో బల్ల ఉంటే సాయంత్రం ఒక గంట అడగండి. టోక్యోలో రజతం గెలిచిన గుజరాత్ భావినా పటేల్ కూడా ఒంటి ఆరోగ్యం కోసమే ఈ ఆట మొదలుపెట్టారు. ఇబ్బంది ఏమిటంటే అక్కడ మొదట్లో అయ్యో అనేవాళ్లే ఎదురవుతారు. నాలుగు పాయింట్లు పోగొట్టుకున్నాక మానేస్తారు, కానీ ఆ మొదటి వారాలు మీరు ఓర్చుకోవాలి.

షాట్‌పుట్‌ను పూర్తిగా కొట్టిపారేయను. అన్నయ్య మాట కోసం కాకుండా మీకే ఆసక్తి కలిగితే, కోచ్ ఉన్నచోట కొన్నాళ్లు నేర్చుకుని చూడండి. నేలకు బిగించిన కుర్చీ, పట్టీలు, సరైన పద్ధతి లేకుండా పెరట్లో గుండు విసరొద్దు. మీకు భుజాలే కాళ్లు కూడా. మంచం దిగాలన్నా, చక్రం తిప్పాలన్నా అవే. భుజం పట్టేస్తే ఆటతో పాటు మామూలు రోజు కూడా పోతుంది. ఇంకో మాట, మీ సరిహద్దు ఊళ్లవాళ్లకు పాతపట్నం దాటితే ఆంధ్రా కాబట్టి విశాఖలోనే సాధన చేద్దామనిపిస్తుంది. సాధన ఎక్కడైనా చేయొచ్చు. పోటీకి మాత్రం సాధారణంగా నివాసమున్న రాష్ట్రం తరఫునే వెళ్లాలి, అంటే ఒడిశా.

మనుషులే నచ్చారనుకుంటే పని ఇంకా దగ్గర్లో ఉంది. ఊళ్లో మీలాంటివాళ్లు ఒక్కరూ లేరని రాశారు. నేను నమ్మను. మీలాగే ఇళ్లలో, కొట్ల వెనకాల కూర్చుని ఉంటారు. జిల్లా కేంద్రం మీ ఊరే కదా, జిల్లా సామాజిక భద్రతాధికారి కార్యాలయం వాళ్లు వికలాంగుల కోసం భీమ భోయ్ శిబిరాలు పెట్టినప్పుడు సర్టిఫికెట్లకీ పరికరాలకీ అందరూ అక్కడికే వస్తారు. ఈసారి పని లేకపోయినా వెళ్లి కూర్చోండి. మీకు రెండు భాషలూ వచ్చు, పలకరించడం కష్టం కాదు. నలుగురు కుదిరితే బోచ్చాతో మొదలుపెట్టొచ్చు. చదునైన నేల, మెత్తటి బంతులు చాలు. ఎర్రవాళ్లకు ఆరు, నీలంవాళ్లకు ఆరు, మధ్యలో ఒక తెల్ల బంతి, దాని దగ్గరికి ఎవరు చేరుస్తారో చూడటమే. అయితే పిలవడం, పోగుచేయడం, రానివాళ్ల ఇంటికి ఫోన్ చేయడం అన్నీ మీ మీద పడతాయి. కొందరు ఒకసారి వచ్చి మానేస్తారు. ఆ నిరాశకు సిద్ధపడి దిగండి.

ప్రస్తుతానికి ఏమీ వద్దనుకున్నా మీ ఇష్టమే. అయితే అమ్మ భయానికి లొంగి మానేయడం వేరు, మీకై మీరు కొన్నాళ్లు ఆగడం వేరు. మొదటిదైతే ఆ కోపం ఎప్పుడో ఒకప్పుడు అమ్మ మీదికే తిరుగుతుంది.

నాకైతే ముందు బరంపురం ఇంకొక్కసారి, ఈసారి అమ్మను తీసుకుని వెళ్లాలనిపిస్తోంది. మొదటి రోజు కొత్త, రెండోసారి వెళ్తేనే ఆటో మనుషులో తేలుతుంది. అక్కడ వేరే తల్లులుంటారు. కుషన్ల గురించీ పుండ్ల గురించీ మీరు చెబితే వినని మాట వాళ్లు చెబితే వింటారు. ఏడ్చాను కదా, మళ్లీ ఏ మొహంతో ఫోన్ చేయను అని అడిగారు. "ఆ రోజు చాలా బాగుంది, మళ్లీ ఎప్పుడు?" అని చేయండి. మీ ఏడుపు ఎందుకో వాళ్లకు తెలిసే ఉంటుంది. ఫోన్ పెట్టేలోపు టాయిలెట్ తలుపు వెడల్పు, మీ కుషన్ ఆట కుర్చీలో పడుతుందా లేదా, ఈసారి ఆడవాళ్లు ఎంతమంది వస్తున్నారు, ఇవి అడిగి రాసుకోండి. ఆ గుద్దిన అమ్మాయి నంబరు కూడా.